తాత కుర్చీ దిగనన్నాడు

"లేస్తవా, లేవవా?"

"ముసలోన్ని. ఎట్ల లేస్త?"

"మొన్నటిదాక మోట తోలినవు కదా!"

"మొన్న ముసలోన్ని కాను. ఇప్పుడైన. కావాల్నంటే నీ కోడల్నే అడుగు."

బాపమ్మ, అంటే మా వారి నాయనమ్మ, మజ్జిగ చెంబు పట్టుకుని నా వైపు చూసింది. నేను గబగబా చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టాను. ఆ బియ్యంలో రాళ్లు లేవు. పొద్దున్నే ఏరేశాను.

ఎల్లేశం తాత అరుగు మీద పడక కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు సగం మూసి, ఇంటి దూలాన్ని చూస్తున్నాడు. ఆ కుర్చీ నా పుట్టింటిది. సారెతో పాటు సుల్తాన్ బజార్ నుంచి బండి మీద వచ్చింది. టేకు చెక్క, ఎర్ర చారల గుడ్డ. నర్సింగి మొత్తంలో ఇలాంటి కుర్చీ లేదని పక్కింటి నీలమ్మ అన్నప్పుడు నేను ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

తాతను అందులో కూర్చోబెట్టింది నేనే. ఇప్పుడు దించలేకపోతున్నదీ నేనే.

అన్నం అందులోనే తింటాడు. నిద్ర అందులోనే పోతాడు. చెంబు పట్టుకుని చెలక వైపు వెళ్లడానికి మాత్రం లేస్తాడు. అదీ మేమెవరమూ చూడటం లేదని నమ్మకం కుదిరాకే. చేతికి ఒక కర్ర తెచ్చుకున్నాడు. పొడి దగ్గొకటి నేర్చుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ పెళ్లాన్ని "ఎవరది? మసక మసకగ ఉన్నది" అంటాడు. అంతలోనే, "అగో, నీలమ్మోళ్ల లేగ మన సొరపాదుల దూరింది, కొట్టుండ్రి!" అని అరుస్తాడు. సొరపాదు ఇంటి వెనక, దడికి అవతల ఉంది.

"లేగ కనబడ్డది గని నేను కనబడనా?" అంది బాపమ్మ.

"దూరందే కనబడ్తది. ముసలితనం గట్లనే ఉంటది."

బాపమ్మ మజ్జిగ చెంబు ఠపీమని అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తాత ఒక కన్ను తెరిచి చూసి, చెంబు అందుకుని గటగటా తాగేశాడు.

అప్పుడే వాకిట్లో చుట్ట వాసన వచ్చింది. రామన్న తాత.

రామన్న తాతకూ మాకూ బావి ఒక్కటే. ఎడ్లతో నీళ్లు తోడే మోట పొద్దున వాళ్లది, మధ్యాహ్నం మాది. మనిషి ఎండుకట్టెలా ఉంటాడు. మా తాత కంటే రెండేళ్లు పెద్ద. ఇవాళ పొద్దున కూడా తానే మోకు తాడు మీద కూర్చుని మోట తోలాడు. ఆ సంగతి చెప్పడానికి పనిగట్టుకుని వచ్చాడని చూస్తూనే తెలిసింది.

"ఏం ఎల్లేశం, కుర్చీ మంచిగున్నదా?"

"మంచిగున్నది. నీకు లేదు కదా."

"నాకెందుకు? నాకు బాయి ఉన్నది." అరుగు అంచున కూర్చుని చుట్ట దులిపాడు. "ఇగో, నేను జగడానికి రాలే. నా మిరప ఎండుతుంది, నీ వంగతోట ఎండుతుంది. నీ వంతుల నీళ్లు ఊకె బాయిలనే ఉంటున్నయి. ఊరి కట్టుబాటు ప్రకారం ఇయ్యాల పొద్దుగూకే లోపల నీ మోట కదలాలె. కదలకుంటే వానలు పడేదాక నీ వంతు గూడ నాదే. ఈ కట్టు పెట్టింది ఎవరు?"

తాత పొడిగా దగ్గాడు.

"నువ్వే పెట్టినవు. మోకు మీద ఆ ఇంటి మనిషే కూసోవాలె, కూలోడు పనికిరాడు. ఎవరు కూసుంటే ఆ ఇంటికి వాళ్లే పెద్ద. బాయి మాట ఏదున్నా వాళ్లతోనే. నా కొడుకు జీతగాన్ని పెట్టిననాడు నువ్వే కదా ఊరి ముందట లొల్లి జేసి ఈ కట్టు కట్టిచ్చినవు."

"కట్టిచ్చిన. అప్పుడు నేను ముసలోన్ని కాను."

రామన్న తాత నా వైపు తిరిగి చుట్ట పొగలోంచి నవ్వాడు. "కోడలు పిల్లా, మొన్న ఏందో మాట అన్నవు. మల్ల ఒకసారి అను, మంచిగున్నది వినడానికి."

నేను చేట ఎత్తుకుని వంటింట్లోకి పారిపోయాను.

*

ఆ మాట "వృద్ధులు".

తప్పు నాది కాదనను. కాని ఏ ఉద్దేశంతో అన్నానో కాస్త చెప్పనివ్వండి. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, నిజాం సర్కారు దఫ్తరులో పనిచేసి పింఛను తీసుకున్న మర్నాడే ఇలాంటి కుర్చీలో కూర్చున్నాడు. ఇంటిల్లిపాదీ ఆయన చుట్టూ తిరిగేది. విసనకర్ర ఒకరు, కాళ్లు పట్టేవాళ్లు ఒకరు. అది ఆయనకు పట్టాభిషేకం లాంటిది. పెద్దవాళ్లను గౌరవించడమంటే అదేనని నేను పుట్టినప్పటినుంచీ చూశాను.

ఇక్కడికొచ్చాక ఎర్రటి ఎండలో ఎల్లేశం తాత మోకు మీద కూర్చుని ఎడ్లతో పాటు దిగడం, మళ్లీ వాటి వెంట ఎక్కడం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. కుర్చీ రాగానే అరుగు మీద వేసి, చేయి పట్టుకుని కూర్చోబెట్టి, చుట్టూ ఉన్నవాళ్లందరూ వినేలా అన్నాను. "మా ఇంటి వృద్ధులు ఇక ఎండలో కష్టపడకూడదు. ఇకనుంచి వారికి విశ్రాంతి."

రామన్న తాత అప్పుడే అటు పోతున్నాడు. "వృద్ధులంటే ఏంది?" అని అడిగాడు. "ముసలోళ్లని," నీలమ్మ చెప్పింది.

అంతే.

"బాపమ్మా, ఒక్క మాటకు ఇంత కోపమా?" అన్నాను పొయ్యి ముందు కూర్చుని. "మీరు రోజూ ఆయన్ని 'ముసలోడా' అనే కదా పిలుస్తారు! అప్పుడు రాని కోపం నా మీద ఎందుకొచ్చింది?"

బాపమ్మ జొన్నపిండి కలుపుతూ నన్ను జాలిగా చూసింది. చదువుకున్నవాళ్లను చూసినప్పుడు ఆమె ముఖంలో ఈ జాలి వస్తుంది.

"మొగని పేరు చెప్పొద్దు గదనే. మరి ఏమని పిలవాలె? పెండ్లినాడు నాకు ఎనిమిదేండ్లు, ఈయనకు మీసం గూడ రాలే. అప్పుడే మా అమ్మ చెప్పింది, ముసలోడా అని పిల్వు, నూరేండ్లు బతుకుతడని. అప్పటికెల్లి ముసలోడే."

"మీసం రాకముందే ముసలోడా!"

"గదే చెప్తున్న. నేనంటే అది పేరు. రామన్న అంటే అది ఎక్కిరింత. పిల్లలు జగడమాడి అంటే అది తిట్టు. నువ్వు కుర్చీల కూసోబెట్టి, నలుగురి ముందట అంటివి. అది తీర్పు."

ముద్దను అరచేతుల మధ్య తట్టి పలచన చేసింది.

"మన ఇండ్లల్ల ఏండ్లు లెక్కబెట్టి ఎవరు ముసలోళ్లు గారు బిడ్డా. పని ఇడిచిపెట్టినోడు ముసలోడు. ఇడిచిపెట్టిచ్చినోళ్లు..." అని నా వైపు చూసింది. రొట్టె పెనం మీద వేసింది.

నాకు ఏడుపు రావాలి. కాని ఎనిమిదేళ్ల బాపమ్మ మీసం రాని తాతను "ముసలోడా" అని పిలిచే దృశ్యం కళ్ల ముందు కదిలి, నవ్వాగక ముఖం కొంగులో దాచుకున్నాను. మా వారి పేరు నేనూ చెప్పకూడదు. ఇన్నాళ్లూ "ఇగో" అని నెట్టుకొస్తున్నాను. ఇకనుంచి...

"నవ్వు. నవ్వుడు అయినంక పో, దించు. ఎక్కిచ్చినోళ్లే దించాలె. వంతు పోయిందనుకో, ఈ మనిషి నిజంగనే ముసలోడైతడు. అప్పుడు ఆ కుర్చీల నుంచి ఎవ్వరు లేపలేరు."

ఈసారి ఆమె గొంతులో వెక్కిరింపు లేదు.

*

గిన్నెలో పెరుగన్నం కలిపి తాత దగ్గర కూర్చున్నాను.

"జర మెత్తగ పిసుకు. పండ్లు లేవు."

"రాత్రి చెరుకు గడ పళ్లతో చీల్చి తిన్నారు కదా తాతా."

"రాత్రి పండ్లు ఉండె."

నేను ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాను. "తాతా, వృద్ధులు అంటే చెడ్డ మాట కాదు. మా కోఠీ కాలేజీలో సభ జరిగితే పెద్దవాళ్లను పిలిచి, పూలదండ వేసి, ముందు వరుసలో కూర్చోబెట్టి, అప్పుడు అనే మాట."

"దండేసి కూసోబెట్టినంక మోట ఎవరు తోల్తరు?"

"సభలో మోట ఉండదు తాతా."

"మరి ఆ మాట గూడ ఆడనే ఉండాలె. బాయి కాడికి ఎందుకొచ్చింది?"

సరే, ఆ మాట వద్దు. నాకు మాటలకు కొదవా! "పోనీ, పెద్దాయన అంటాను. అందులో ఏం తప్పుంది?"

"పెద్దాయన అంటే పేరు తెలువనోన్ని పిలిచేది. తొవ్వ పోయేటోడు అంటడు, 'ఓ పెద్దాయనా, గండిపేటకు ఎటు పోవాలె?' అని. నా ఇంట్ల నేను తొవ్వ చెప్పెటందుకు కూసున్ననా?"

"పోనీ, ఉర్దూలో బుజుర్గ్! మా నాన్న స్నేహితులు ఎంత మర్యాదగా అంటారో ఆ మాట!"

తాత ముద్ద నమలడం ఆపాడు. "ఎన్కట ఒక అమీను వస్తుండె. చేను కొలిచెటందుకు. నన్ను చూడంగనే 'ఆయియే బుజుర్గ్' అని లేచి నిలబడుతుండె. నాకప్పుడు నెత్తి మీద ఒక్క తెల్లెంట్రుక లేదు. ఆ మాట అన్నప్పుడల్ల నా గట్టు జానెడు లోపలికి జరుగుతుండె. మంచి మాట ఇచ్చిండు, గట్టు గుంజుకున్నడు."

గిన్నె నా చేతిలోంచి తీసుకుని, పిసకని అన్నం తానే పెద్ద పెద్ద ముద్దలుగా తినసాగాడు.

"నువ్వు గూడ గంతే. మంచి మాటిచ్చి మోకు గుంజుకున్నవు."

ఆ చారల గుడ్డ, ఆ టేకు చెక్క, అన్నీ ఒక్కసారిగా వేరేగా కనిపించాయి.

అయినా అడిగాను. "మరి ముసలోడు అంటే ఎవరు తాతా? మీ లెక్కలో?"

"నాకంటె రెండేండ్లు పెద్దోడు."

"రామన్న తాత మీకంటే రెండేళ్లే కదా పెద్ద."

"మరి! వాడే ముసలోడు. మోట తోల్తుండు గని ముసలోడే."

నేను పకపకా నవ్వాను. తాతకూ నవ్వొచ్చింది. పైకొచ్చిన ఆ నవ్వును సగంలో పట్టుకుని దగ్గుగా మార్చేశాడు. ఆ దగ్గు చాలా బాగా వచ్చింది. తనకే నచ్చినట్టుంది, ఇంకోసారి దగ్గాడు.

తర్వాత గిన్నె అడుగు వేలితో తుడుస్తూ, ఎటో చూస్తూ, "బొల్లోడు మేత తింటుండా?" అన్నాడు.

మా ఎడ్లలో ఒకటి బొల్లోడు, రెండోది కర్రోడు.

"సగం వదిలేస్తున్నాడు. వాకిలి వైపే చూస్తుంటాడు."

తాత చూపుడు వేలు గిన్నెలో ఆగిపోయింది. అది కనిపెట్టి, ఇదే సమయం అనుకుని, "తాతా, లేవండి, నేను తప్పు..." అనబోయాను.

"నాకెందుకు. ముసలోన్ని," అని కళ్లు మూసుకున్నాడు.

*

ఒంటిపూట బడి వదిలాక మా వారు సైకిలు మీద వచ్చారు. సైకిలు గంట నాలుగిళ్ల అవతలినుంచే మోగుతుంది, నేను గుమ్మంలోకి వచ్చే సమయం ఇవ్వాలని. హ్యాండిలుకు తాటి ముంజలు వేలాడుతున్నాయి. ముంజలు ఒలిచేటప్పుడు నీళ్లు మోచేతిదాకా కారతాయి కదా, అది ఎంత బాగుంటుందో! కాని ఇవాళ ఆ సంతోషానికి తీరిక లేదు.

"ఇగో, ముసలోడా," అన్నాను మెల్లగా, వంటింటి మూలలో.

ఆయన వెనక్కి తిరిగి చూశారు, తాత వచ్చాడేమోనని.

"మిమ్మల్నే."

"నన్నా? నాకు ఇంక మొదటి నెల జీతమే రాలే కనకం!"

బాపమ్మ చెప్పిందంతా చెప్పాను. ముందు నవ్వారు, తర్వాత ఆయన ముఖం మెల్లగా వాడిపోయింది. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే ఆయన్ని పెంచింది ఈ ఇద్దరే. తాత మోకు మీద ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పించేవాడట. రెండో ఎక్కానికి ఒక బొక్కెన, మూడో ఎక్కానికి ఇంకో బొక్కెన.

"నిన్న నేను తోలుదామని పోయిన," అన్నారు. "గణితం చెప్తే పిల్లలు ఎట్ల చూస్తరో, ఎడ్లు గట్లనే చూసినయ్. ఒక్క అడుగు వెయ్యలే. ఇయ్యాల మల్ల పోత. రామన్న తాత బాయి కాడనే కూసోని ఎదురుచూస్తుండు."

"నువ్వా?" అరుగు మీది నుంచి గొంతు వినిపించింది. దగ్గు లేదు, వణుకు లేదు. "నువ్వు తోల్తవా? ఆగు. నేను చూడాలె."

"మరి లే తాతా!"

"ముసలోన్ని, ఎట్ల నడుస్త? మోసుకపోండ్రి."

మోసుకెళ్లాం.

కుర్చీ ముందు కాళ్ల దగ్గర మా వారు, నీలమ్మ పెనిమిటి. వెనక నీలమ్మ, నేను. అందరికీ వెనక బాపమ్మ, చేతిలో కర్ర. తాత మరిచిపోయిన కర్రే అది. కొంగు ఒక చేత్తో, కుర్చీ ఇంకో చేత్తో పట్టుకుని నడవడం కాలేజీలో ఎవరూ నేర్పలేదు. కల్యాణానికి వెళ్లే దేవుడిలా తాత నడుమ తీరిగ్గా వాలి ఉన్నాడు.

ప్రతి వాకిట్లోనూ ఒక తల బయటికొచ్చింది. ప్రతి తలకూ తాత తానే చెప్పాడు.

"ఏమైంది ఎల్లేశం?"

"ముసలోన్నైన!"

"అయ్యో, ఎప్పుడు?"

"మా కోడలు పట్నంకెల్లి కుర్చీ తెచ్చింది. కూసున్న, అయిపోయిన!"

ఇంకో ఇంటి ముందు: "ఎల్లేశమన్నా, పానం బాగలేదా?"

"పానం మంచిగనే ఉన్నది. ముసలితనం వచ్చింది గంతే. మా కోడలు చదువుకున్నది, ఆమెకు తెలుసు!"

నా ముఖం దాచుకోవడానికి ఖాళీ చేయి లేదు. అయినా ఊరి చివర మలుపు తిరగగానే గండిపేట మీది నుంచి చల్లటి గాలి వచ్చి చెమటను తాకింది. ముందు నడుస్తున్న మా వారు వెనక్కి తిరిగి నవ్వారు. కుర్చీ ఒక పక్కకు ఒరిగి తాత "పడేస్తరా ఏంది!" అని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ముసలి చేతులకు అంత పట్టు ఎక్కడినుంచి వచ్చిందో!

*

బావి గడ్డ మీద రామన్న తాత బండ ఎక్కి కూర్చుని ఉన్నాడు. పొద్దు తాటిచెట్ల మీదికి వాలుతోంది.

"పొద్దు చూసుకోండ్రి," అన్నాడు.

మా వారు ఎడ్లను కట్టి, మోకు మీద కూర్చున్నారు. ఎడ్లు వాలు దిగితే తోలు బొక్కెన పైకి రావాలి. దిగేటప్పుడు మనిషి మోకు మీద కూర్చుని బరువు వేయాలి. బొక్కెన ఖాళీ అయ్యాక ఎడ్లు వెనక్కి అడుగులు వేస్తూ ఎక్కాలి. చూడటానికి ఇంతే.

"పదండి," అన్నారు మా వారు.

ఎడ్లు కదల్లేదు.

"పదండి, పదండి!"

"ఎడ్లను 'పదండి' అంటుండు!" తాత కుర్చీలో మెలికలు తిరుగుతూ బాపమ్మను పిలిచాడు. "ఓ రుక్కీ, నీ మనుమడు ఎడ్లను బడికి పిలుస్తుండే!"

"నీకెందుకు? నువ్వు ముసలోనివి," అంది బాపమ్మ.

రామన్న తాత పొద్దు వైపు చూసి, చుట్ట ఆర్పి, నడుముకు తువాలు బిగించుకున్నాడు. తన ఎడ్లను విప్పుకు రావడానికి లేచాడు.

అప్పుడు తాత గొంతు లేచింది. పాట కాదు, కేక కాదు, రెండింటికీ నడుమ సాగే ఒక పిలుపు. "హోయ్... బొల్లిగా... రా నాయినా... హోయ్!" బొల్లోడి చెవులు రెండూ నిక్కాయి. కర్రోడు తల విదిలించాడు. రెండూ కలిసి వాలులోకి అడుగేశాయి.

గిరక కిర్రుమంది. మోకు బిగిసింది. సగం దిగాక ఎడ్లు ఆగిపోయాయి.

"బరువు చాల్తలేదు!" తాత కుర్చీ చేతుల మీద గుద్దాడు. "తిండి తినరా అంటే పుస్తకాలు తింటడు! నువ్వు దిగు, ఎడ్ల ముందట నడువు. ఎవరన్న ఎక్కుండ్రి!"

నీలమ్మ పెనిమిటి ముందుకొచ్చాడు.

"ఇంటి మనిషే ఎక్కాలె," అన్నాడు రామన్న తాత. "కట్టు కట్టే."

అందరూ బాపమ్మ వైపు చూశారు.

"నేను ముసల్దాన్ని," అంది బాపమ్మ చాలా తృప్తిగా.

ఇక మిగిలింది నేను.

"ఎక్కు కోడలా!" అన్నాడు తాత. "నువ్వు జర బలంగనే ఉన్నవు, వానికంటె నయం!"

ఊరి సగం జనం గట్టు మీద ఉన్నారు. అత్తింటికి వచ్చాక నేను ఎంత నెయ్యి తిన్నానో నర్సింగి అంతటికీ తెలిసిపోయింది. సరే! చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కొంగు నడుముకు చుట్టి, మోకు మీద కూర్చున్నాను.

తాత పిలిచాడు. ఎడ్లు కదిలాయి. మోకు నన్నెత్తుకుని వాలులోకి జారింది. చిన్నప్పుడు మూసీ ఒడ్డున ఊయల ఊగినప్పుడు ఇలా ఉండేది. ఎదురుగా మా వారు ఎడ్లకు ముఖం పెట్టి వెనక్కి నడుస్తూ, నన్నే చూస్తూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. పైన బొక్కెన తొట్లో కుమ్మరించిన చప్పుడు. కాలువలో నీళ్లు! ఎండిన మట్టి నీళ్లను తాగే వాసన!

"ఇంకోటి!" అని అరిచాను.

ఇంకోటి. మరొకటి. తాత కుర్చీలోంచే పిలుస్తున్నాడు, నేను మోకు మీద దిగుతున్నాను, వంగ మడిలోకి నీళ్లు పాకుతున్నాయి. గట్టు మీద ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. పొద్దు ఇంకా తాటి మట్టల నడుమే ఉంది. వంతు దక్కింది. నేను చెడగొట్టింది నేనే బాగు చేశాననుకున్నాను.

రామన్న తాత బండ మీది నుంచి మెల్లగా దిగి వచ్చాడు.

"మోట కదిలింది, వంతు మీదే. కాదనను," అన్నాడు. "రేపు పొద్దున బాయి పూడిక తీసే మాట మాట్లాడాలె. ఎల్లేశం, నీ ఇంటి పెద్దను పంపు."

"పంపుడేంది? నేనే వస్త."

"నువ్వెట్ల వస్తవు? మోకు మీద కూసున్నోళ్లే పెద్ద. కట్టు నీదే." రామన్న తాత నా వైపు చేయి చూపాడు. "అగో, మీ ఇంటి పెద్ద."

"ఏం మాటలు రామన్నా! నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. నేనుండంగ ఆమె పెద్దెట్లయితది?"

"నువ్వు ముసలోనివి. నేనన్ననా? ఇంటికెల్లి బాయిదాక, వాకిలి వాకిలికి నువ్వే చాటింపేసుకుంట వచ్చినవు కదా. ఊరంత విన్నది."

గట్టు మీద ఆడవాళ్లు కొంగులు దించి తాత వైపు చూశారు.

నేను అప్పుడు వాలు సగంలో ఉన్నాను. నా వెనక, బావి నడుమ, బొక్కెన నిండుగా వేలాడుతోంది. తాత పిలుపు ఆగిపోగానే ఎడ్లూ ఆగాయి. మోకు నా కింద గుంజుకుంటూ సన్నగా మూలుగుతోంది.

తాత లేచాడు.

కర్ర లేదు, దగ్గు లేదు. పంచె ఎగగట్టి, చెప్పులు వదిలేసి, వాలులోకి దిగి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. పైన ఖాళీ అయిన కుర్చీలో రామన్న తాత మెల్లగా కూర్చున్నాడు, వెనక్కి వాలాడు. "ఆహా," అన్నాడు తనలో తాను.

"దిగు బిడ్డా," అన్నాడు తాత నాతో. గొంతు మెత్తగా ఉంది. "ఆ జాగ నాది."

"నడుమల దిగితే బరువు తప్పుతది, ఎడ్లను బొక్కెన గుంజుకపోతది," కుర్చీలోంచి రామన్న తాత గొంతు. "దిగకుంటే పెద్ద ఆమెనే. ఆలోచించుకోండ్రి."

మా వారు నా వైపు చూశారు, తాత వైపు చూశారు, నేల వైపు చూశారు.

నేను దిగుదామనే అనుకున్నాను. నిజంగా. కాలు నేలకు ఆనించబోయాను కూడా.

"దిగకు."

బాపమ్మ. గట్టు మీద కర్ర పాతి నిలబడి ఉంది. పొద్దున్నుంచీ నన్ను సాధించిన మనిషే.

"దిగకు కోడలా. ఈయన ఇంట్ల నేను ఇన్నేండ్లు ముసల్దాన్నైన గని, ఒక్కనాడు పెద్దను గాలే. ఒక ఆడది మోకు మీద కూసుంటే ఎట్లుంటదో ఇయ్యాల చూసిన. కూసో."

తాత తిరిగి ఆమెను చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. చేయి మాత్రం నా వైపు చాచి ఉంది, మోకు అందుకోవడానికి.

బొల్లోడు తాత వాసన పట్టాడు. మెడ తిప్పి ఆయన వైపు చూసి, సంతోషంగా ఒక అడుగు వెనక్కి వేశాడు. నిండు బొక్కెన బరువుకు మోకు నన్ను తీసుకుని బావి వైపు జారింది.